పాత ఫొటోలో ఆ విలుకాడు ఎవరు? ఏ దారి ముందు, ఏ దారి తర్వాత

మా నాన్నగారి మేనమామ పాలకొండ దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు ట్రంకుపెట్టె తెరిస్తే పాత పంచాంగాల మధ్య పోస్టుకార్డు సైజు ఫొటో ఒకటి దొరికింది. ఏడుగురు కుర్రాళ్లు వరసగా నిలబడ్డారు. చేతుల్లో వెదురు విల్లులు. వెనక పెంకులు కప్పిన బడి, పక్కన గడ్డి బిగించి కట్టిన గురి. ఫొటో వెనక ఊదారంగు సిరాతో ‘దసరా పోటీలు’ అని రాసి ఉంది. ఏడాది లేదు, పేర్లు లేవు.

ఆ ఏడుగురిలో ఇప్పటికి ముగ్గురి పేర్లు తెలిశాయి. అందుకు నాలుగేళ్లు పట్టింది. సరైన వరసలో వెతికి ఉంటే ఏడాదిలో తేలేది, బహుశా మరో ఇద్దరి పేర్లు కూడా దొరికేవి. ఈ నాలుగేళ్లలో ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇద్దరు కన్నుమూశారు. నేను మొదటి ఏడాదంతా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో విల్లు పట్టిన మనిషి పాత ఫొటో మీ ఇంట్లో ఉంటే, ఏ దారిన ముందు వెళ్లాలో ఇది చదివి నిర్ణయించుకోండి.

దారులు ప్రధానంగా అయిదు. ఫొటోలోని విల్లును, బట్టలను చదవడం. ఫొటో వెనక వైపును చదవడం. పెద్దలను అడగడం. పాత పత్రికలు, బడి రికార్డులు తిరగేయడం. కంప్యూటర్‌తో ముఖాలు పోల్చడం. నా తీర్పు ముందే చెప్పేస్తాను: మొదటి రెండింటికీ కలిపి ఒక్క మధ్యాహ్నం ఇవ్వండి, మర్నాడే పెద్దల దగ్గరికి వెళ్లండి. పత్రికలు గ్రంథాలయంలో ఉంటాయి, ఆగుతాయి. కంప్యూటర్ అన్నిటికన్నా చివర.

విలుకాడా, వేషధారా?

పేరు వెతికే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. విజయనగరం నాటకాలకూ హరికథకూ పేరుపడ్డ ఊరు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ఆ గాలి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సోకింది. అందుకే ఈ ప్రాంతపు ఇళ్లలో ‘మా తాత గొప్ప విలుకాడు’ అని చూపించే ఫొటోల్లో కొన్ని నిజానికి అర్జునుడి వేషం, రాముడి వేషం కట్టినప్పటివి. అందులో చిన్నతనమేమీ లేదు. కాకపోతే అప్పుడు వెతకవలసింది పోటీల్లో కాదు, నాటక సమాజంలో.

తేడా విల్లు దగ్గరే తెలుస్తుంది. వేషం విల్లుకు జరీ కాగితమో రంగు గుడ్డో చుట్టి ఉంటుంది, నారి వదులుగా వేలాడుతుంది. లాగినట్టు నిలబడినా విల్లు కొమ్ములు వంగవు. బాణం తోకనున్న గాటు నారిలో కూర్చోదు, వేళ్ల మధ్య ఊరికే ఆని ఉంటుంది. నిజంగా వాడిన విల్లయితే రెండు కొమ్ములూ ఒకే తీరున వంగుతాయి. నారి విప్పి పక్కన పెట్టిన విల్లు కూడా పూర్తిగా నిటారు కాదు, వాడకం వల్ల కాస్త వంపు మిగిలిపోతుంది. రంగుల తెర, గచ్చు స్తంభం, పూలకుండీ కనిపిస్తే అది స్టూడియో. అయితే తెర ఉన్నంత మాత్రాన వేషమే అనుకోనక్కర్లేదు. బహుమతి గెలిచిన కుర్రాడు కూడా స్టూడియోకు వెళ్లి తన విల్లుతో ఫొటో దిగేవాడు.

మూడో రకం ఇంకా కష్టమైనది. ఏజెన్సీలో తీసిన పాత ఫొటోల్లో విల్లు పట్టిన సవర, జాతాపు, గదబ మనుషులు కనిపిస్తారు, కింద పేరు ఉండదు. దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథం లాంటివాటిలో మనిషి ముఖం కింద కులం పేరో తెగ పేరో మాత్రమే రాశారు. జమీందారు ఫొటో దిగితే బిరుదులతో సహా రాసినవారు, కొండ మీద విల్లు పట్టినవాడి పేరు అడగనే లేదు. ఇలాంటి ఫొటో చేతికొస్తే మన పని ఇంకాస్త బరువైనదని నేననుకుంటాను. ఆ ఫొటో ముందుగా చేరవలసింది ఆ గూడెం పెద్దల చేతికి. వాళ్ల మాట వినకుండా దాన్ని నలుగురిలో పెట్టడం సరికాదు. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టుకునే గూడేల్లో ఒకే పేరు పదిమందికి ఉంటుంది కాబట్టి పేరొక్కటే రాసుకుంటే చాలదు. తండ్రి పేరు, గూడెం పేరు కూడా రాసుకోవాలి.

విల్లు చెప్పే కాలం

విల్లు మనిషి పేరు చెప్పదు, కాలం చెబుతుంది. కాలం తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. అందుకే ఈ దారి మొదట పెట్టాను.

విల్లు చివర్లలో చక్రాలు, వాటి మీదుగా రెండు మూడు వరసల తీగలు కనిపిస్తే అది కాంపౌండ్ విల్లు. దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1969లో. మన వైపు తీసిన ఫొటో అంతకుముందుది అయ్యే అవకాశం దాదాపు లేదు. విల్లు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి కడ్డీ, అంటే స్టెబిలైజర్, 1960ల నుంచి వచ్చింది. కొమ్ముల చివర్లు ఎదురు దిక్కుకు తిరిగి, ఫైబర్‌గ్లాస్ నునుపుతో మెరుస్తుంటే 1950ల తర్వాతి రికర్వ్ అనుకోవచ్చు. అల్యూమినియం గొట్టపు బాణాలు 1940ల నుంచి ఉన్నాయి. ఇవన్నీ ఆ వస్తువులు పుట్టిన కాలాలు. మన ఊళ్లకు అవి ఇంకా చాలా ఆలస్యంగా చేరాయి. భారత ఆర్చరీ సంఘం ఏర్పడింది 1973లో, ఒలింపిక్స్‌లో మన ఆర్చర్లు మొదటిసారి నిలబడింది 1988లో సియోల్‌లో. కాబట్టి విజయనగరం మైదానంలో కాంపౌండ్ విల్లు కనిపిస్తే ఇంకా ఇటీవలి కాలానికే రండి.

వెదురు విల్లు దగ్గర మాత్రం జాగ్రత్త. వెదురు కనిపించగానే ‘చాలా పాతది’ అనేస్తాం. కానీ మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. అందులో ఈనాటికీ పిల్లలు వెదురు విల్లుతోనే 30, 50 మీటర్ల దూరాలకు గురిపెడతారు. నలుపు తెలుపు ఫొటో, వెదురు విల్లు రెండూ కలిసినా అది 1930ల నాటిదని అర్థం కాదు.

ఇక గురి బల్ల. దీన్ని భూతద్దం పెట్టి చూడండి. పోటీ గురిలో నడిమి నుంచి బయటికి పసుపు, ఎరుపు, నీలం, నలుపు, తెలుపు వలయాలు ఉంటాయి. నలుపు తెలుపు ఫొటోలో ఎరుపూ నీలమూ రెండూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో కనిపిస్తే, అన్ని రంగులనూ పట్టుకోగల ఫిల్ము వాడారన్నమాట. ఎరుపు వలయం నల్లటి వలయమంత నల్లగా, నీలం దాదాపు తెల్లగా పాలిపోయి, వలయాలు ఒకటి విడిచి ఒకటి చారల్లా కనిపిస్తే, అది ఎరుపును పట్టుకోలేని పాతరకం ప్లేటు లేదా ఫిల్ము. కొత్తరకం 1930లలో బాగా వ్యాపించింది. పాతరకం కూడా చాలా ఏళ్లు వాడుకలో ఉంది కాబట్టి దీనితో ఏడాది తేల్చలేం. అయినా ఒక పొరపాటు నుంచి ఇది కాపాడుతుంది. పాతరకం ఫిల్ములో కుంకుమ బొట్టు నల్లగా పడుతుంది, ఒంటి చాయ ఉన్నదానికన్నా నలుపు తిరుగుతుంది. ‘మా పెదనాన్న పచ్చగా ఉండేవారు, ఈయన నలుపు, కాబట్టి ఆయన కాదు’ అని కొట్టిపారేసిన ఇళ్లు నాకు తెలుసు.

అచ్చు తిరగబడిందేమో కూడా ఈ పూటే చూసుకోవాలి. నెగెటివ్ తిప్పి పెట్టి అచ్చువేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద ఉందా, జంధ్యం ఎడమ భుజం మీదుగా దిగిందా, పైట ఎడమ భుజం మీదే ఉందా చూడండి. గోడ మీద అక్షరముంటే మరీ సులువు.

వెనక వైపు

ఫొటో వెనక రాత అందరూ చదువుతారు, ముద్ర చాలామంది చూడరు. మా ఫొటో అంచున సిరా లేకుండా నొక్కిన స్టూడియో ముద్ర ఉందని నాకు రెండేళ్ల దాకా తెలియనే తెలియదు. రాత్రిపూట గది దీపం ఆర్పి, టార్చిలైటు ఫొటోకు పక్కవాటుగా పెడితే అక్షరాల నీడలు లేచాయి. ‘పాలకొండ, శ్రీకాకుళం జిల్లా’. మూలన పెన్సిలుతో చిన్నగా ‘8 అ.’ అని ధర.

ఆ రెండు ముక్కలతో కాలం బిగుసుకుంది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. మార్పు వచ్చిన మర్నాడే అందరి నోటా అణా పోలేదు గనుక ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలినా, ఇది 1950ల నాటి దసరా అని తేలిపోయింది. అప్పుడు పదిహేనేళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. అంటే వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా ఉండవచ్చు. ఈ లెక్క మొదటి రోజే వేసి ఉండవలసింది.

మన ప్రాంతానికి ఈ జిల్లా పేర్లు మంచి గడియారం. టెక్కలి, సోంపేట పేర్ల పక్కన గంజాం జిల్లా అని ఉంటే అది 1936 ఏప్రిల్‌కు ముందుది, ఒడిశా రాష్ట్రం ఏర్పడక మునుపటిది. శ్రీకాకుళం పక్కన విశాఖపట్టణం జిల్లా అని ఉంటే 1936, 1950ల మధ్య. బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా అని ఉంటే 1950 తర్వాత, 1979 జూన్‌కు ముందు. ఆ జూన్ ఒకటిన విజయనగరం జిల్లా ఏర్పడింది. ముద్రలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. కాకపోతే ఇవన్నీ ముద్రకు, రాతకు వర్తించే తేదీలు. తాతగారు ముప్పయ్యేళ్ల తర్వాత గుర్తుకోసం బాల్‌పెన్నుతో రాసి ఉండవచ్చు. పైగా పాత జిల్లా పేరు పట్టుకుని బతికినంతకాలం అదే రాసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ముద్రను ఎక్కువ నమ్మండి, చేతిరాతను తక్కువ.

పెద్దలను అడగడం

అన్ని దారుల్లోనూ పేరు చెప్పగలిగేది ఇదొక్కటే. మళ్లీ దొరకనిదీ ఇదే. దీన్ని తొందరలో పాడుచేసుకోవడం కూడా అంతే తేలిక.

ఫొటో చేతిలో పెట్టి ‘ఈయన మీ అన్నయ్యేనా?’ అని అడిగితే పని చెడిపోయినట్టే. పెద్దవాళ్లు మన ముఖం చూసి, మనకు ఏం కావాలో గ్రహించి, కాదనలేక అవునంటారు. అబద్ధమాడాలని కాదు, ఇంటికొచ్చినవాడిని నిరాశపరచలేక. అందుకని ఫొటో ఇచ్చి మౌనంగా కూర్చోవాలి. అవసరమైతే మనుషుల గురించి కాక వస్తువుల గురించి అడగాలి. ఈ విల్లులు ఎవరు చేసేవారు? వెదురు ఎక్కడి నుంచి వచ్చేది? ఈ బడి పెంకులు ఎప్పుడు తీసేశారు? వస్తువులు గుర్తుకొస్తే మనుషులు వాటి వెంట వస్తారు. ఇద్దరు ముగ్గురిని ఒకేచోట కూర్చోబెట్టి అడగవద్దు. ముందు మాట్లాడినవారి మాటే మిగతావారి జ్ఞాపకమైపోతుంది.

మా ఫొటోలో ఎడమ నుంచి నాలుగో కుర్రాడి సంగతి చెబుతాను. బాణం వేసేవాళ్లు నారి ఒరుసుకోకుండా విల్లు పట్టిన చేతి ముంజేతికి తోలో గుడ్డో చుట్టుకుంటారు. మిగతా ఆరుగురికీ ఆ గుడ్డ ఎడమ ముంజేతికి ఉంది. నాలుగో అతనికి మాత్రం కుడి ముంజేతికి ఉంది. అచ్చు తిరగబడిందా అంటే లేదు, అందరి చొక్కా జేబులూ ఎడమవైపే ఉన్నాయి. అంటే ఆ కుర్రాడిది ఎడమచేతివాటం. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

వీరఘట్టంలో ఒక పెద్దావిడ ఉన్నారని, ఆవిడ అన్నగారు ఆ బళ్లోనే చదివారని తెలిసి వెళ్లాను. ఫొటో ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు, ఎవరినీ గుర్తుపట్టలేదు. ‘ముఖాలు ఆనడం లేదు బాబూ’ అన్నారు. అప్పుడు, ‘మీ అన్నయ్యగారు బాణాలు వేసేవారా అమ్మా?’ అని అడిగాను. ఆవిడ నవ్వారు. ‘వేసేవాడు. ఎడమచేత్తో లాగేవాడని మాస్టారు కోప్పడేవారు. అన్నం కూడా ఆ చేత్తోనే తింటే అమ్మ చేతిమీద కొట్టేది’ అన్నారు. నేను వేలు పెట్టి చూపించలేదు. ఆవిడే మళ్లీ ఫొటో దగ్గరికి తీసుకుని, వరస వెంట వేలు జరుపుతూ వెళ్లి నాలుగో అతని చేతి దగ్గర ఆపారు.

ఒక పేరును నేను నమ్మాలంటే ఇంతే కావాలి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రెండు సాక్ష్యాలు. ఇక్కడ ఒకటి ఫొటోలోని గుడ్డ, రెండోది చెల్లెలి జ్ఞాపకం.

పత్రికలు, రికార్డులు

గుర్తుపట్టగల పెద్దలు ఇంకా ఉన్న కాలపు ఫొటోకు ఇది రెండో మెట్టు. 1930లకు ముందు ఫొటోకు మాత్రం చాలాసార్లు ఇదే మొదటి మెట్టు, అడగడానికి ఎవరూ మిగలరు కాబట్టి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలు చాలావరకు ప్రెస్ అకాడమీ కంప్యూటర్‌కు ఎక్కించింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచిన కథానిలయంలో పాత పత్రికలున్నాయి. కథల కోసం దాచినవే అయినా వాటి పేజీల్లో ఊరి సంగతులూ తగులుతాయి. జిల్లా గ్రంథాలయంలో, పాత హైస్కూళ్లలో వార్షికోత్సవ సంచికలు, బహుమతుల జాబితాలు దొరకవచ్చు.

అయితే కాలం తెలియకుండా ఈ దారిలో దిగితే ముంచేస్తుంది. పదేళ్ల పత్రికలు తిరగేయడమంటే ఒక వేసవి సెలవులు ఖర్చు. దసరా అని తెలిస్తే ఏటా అక్టోబరు చుట్టూ రెండు మూడు వారాలు చాలు. వెతకవలసిన మాట కూడా మార్చి మార్చి చూడాలి. ఆర్చరీ అని రాసి ఉండకపోవచ్చు. విలువిద్య, ధనుర్విద్య, బాణప్రయోగం, విల్లంబుల పోటీ, ఇలా ఏదైనా కావచ్చు.

కంప్యూటర్‌తో ముఖాలు పోల్చడం

ఫోనులోనే ముఖాలు గుర్తుపట్టే సదుపాయం ఉండటంతో అందరి చేయీ ముందు దీని మీదికే పోతుంది. కుటుంబ ఫొటోలు వందల్లో ఉండి, ఎదురుగా చూస్తున్న ముఖాలయితే కొంత ఉపయోగం ఉంది. విలుకాడి ఫొటోకు ఇది మరీ బలహీనం. ఎందుకో ఒకసారి నారి లాగి నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. చేయి దవడ కింద ఆని ఉంటుంది. నారి ముక్కును, పెదవిని తాకుతూ ముఖాన్ని చీలుస్తుంది. ఒక కన్ను మూసి ఉంటుంది. యంత్రం పోల్చుకోవలసినవన్నీ మూసుకుపోయాయి. అలాంటి ఫొటోలో నిండుగా కనిపించేది చెవి. చెవి తమ్మె వేలాడుతోందా, చెంపకు అతుక్కుందా, పై అంచు మడత ఎలా ఉంది అన్నది మీరే కంటితో పోల్చుకోవడం మేలు.

పాత ఫొటోను ‘స్పష్టం’ చేసిపెట్టే కొత్త యాప్‌లు ఇంకా ప్రమాదం. మసకగా ఉన్నచోట అవి కన్నును, పెదవిని కొత్తగా గీస్తాయి. అందంగా ఉంటుంది, ఆ మనిషిది మాత్రం కాదు. నేను చేసిన తప్పు ఇదే. మూడో కుర్రాడి ముఖాన్ని అలా బాగుచేయించి, యంత్రంతో పోల్చి, మా పెదతాతగారే అని ఇంట్లో చెప్పాను. పెద్దది చేయించి గోడకు తగిలించారు, తద్దినం నాడు దండ వేశారు. ఆయన ఆ ఏళ్లలో పర్లాకిమిడిలో చదువుకుంటున్నారని తర్వాత ఉత్తరాలు బయటపడ్డాయి. గోడ మీది ఫొటో దింపుతుంటే మా అత్తయ్య ముఖం చూడలేకపోయాను. తన తండ్రి కుర్రతనం ఫొటో అదొక్కటే అని ఆమె అనుకుంది.

మీ ఫొటో ఏది, మీ దారి ఏది

1950 తర్వాతి బడి ఫొటో, పోటీ ఫొటో అయితే వెనకవైపు చూసి నేరుగా పెద్దల దగ్గరికి. అంతకన్నా పాతది, అట్టకు అతికించిన స్టూడియో ఫొటో అయితే వేషమా కాదా తేల్చుకుని, స్టూడియో పేరు పట్టుకుని పత్రికల్లోకి. ఏజెన్సీ ఫొటో అయితే గూడెం పెద్దల అనుమతితోనే ఏ అడుగైనా. 1980ల తర్వాతిదయితే కోచ్‌లు, తోటి క్రీడాకారులు ఉంటారు, ఫోనుల్లో పనైపోతుంది. రెండు దారులకే తీరిక ఉన్నవాళ్లు వెనకవైపునూ పెద్దలనూ ఎంచుకోండి, మిగతావి వదిలేసినా ఫరవాలేదు.

ఏ దారిన పేరు దొరికినా దాని పక్కన ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో, ఏ మాటల్లో చెప్పారో రాయండి. ‘ఖాయం’, ‘బహుశా’, ‘ఊహ’ అని విడివిడిగా పెట్టండి. ఫొటో వెనక రాయవలసి వస్తే మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ముఖాలున్న చోటు తప్పించి రాయండి. బాల్‌పెన్ను ఎదుటివైపు గాడి పడేస్తుంది. లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్లీ తీయలేరు.

మా ఫొటో నకలు కింద ఇప్పుడు ఏడు గడులున్న కాగితం ఉంది. నాలుగో గడిలో పేరు పక్కన ‘ఖాయం’ అని ఉంది. రెండు, ఆరు గడుల్లో పేర్ల పక్కన ‘బహుశా’. మూడో గడిలో ఒకప్పుడు రాసి చెరిపేసిన పేరు మచ్చ ఇంకా కనిపిస్తుంది. వచ్చే ఆదివారం సీతంపేట వైపు వెళుతున్నాను. అక్కడ ఆ బడికి విల్లులు చేసి ఇచ్చిన ఆయన కొడుకు ఉన్నారట. ఆయనకు ఎనభై మూడేళ్లు.